స్టెప్పు మాస్టారిది... చప్పట్లు ఎవరివి?

పాఠకులకు ముందుగా ఒక చిన్న పరీక్ష. సెల్‌ఫోను నొక్కకుండా, పక్కవాళ్ళను అడగకుండా జవాబు చెప్పాలి సుమా! 'నాటు నాటు' పాటకు సంగీతం ఎవరు? కీరవాణి గారు. చిన్నపిల్లలు కూడా చెబుతారు. రాసిందెవరు? చంద్రబోస్ గారు. పాడిందెవరు? రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ. తెరమీద ఆడిందెవరు? ఆ మాట అడిగితేనే జనం నవ్వుతారు. సరే, మరి ఆడించిందెవరు?

ఇక్కడ కాస్త ఆగారు కదూ! మీరొక్కరే కాదు లెండి. మా ఇబ్రహీంపట్నం బస్టాండు దగ్గర టీ హోటల్లో ఇదే ప్రశ్న వేసి చూశాను. ఒకాయన రాజమౌళి అన్నాడు. ఇంకొకాయన టీవీ డాన్సు పోటీల్లో జడ్జిగా కూర్చునే వేరే మాస్టరు పేరు చెప్పాడు. హోటలాయన మాత్రం గ్లాసులు కడుగుతూనే, "ఎవరైతేంది సారూ, ఎన్టీఆర్, చరణ్ ఇరగదీసిన్రు" అని తేల్చేశాడు. అక్కడున్న వాళ్ళందరికీ ఆ స్టెప్పు వచ్చు. మొన్న వినాయక నిమజ్జనంలో మా చెరువు గట్టు దాకా ఆ స్టెప్పు వేసుకుంటూ పోయినవాళ్ళే అందరూ. స్టెప్పు వచ్చు, దాన్ని కట్టినాయన పేరు మాత్రం తెలియదు.

ఆయన పేరు ప్రేమ్ రక్షిత్. ఈ వారం కబుర్లన్నీ ఆయన గురించీ, ఆయన వృత్తి గురించీ.

2023 మార్చి 12 రాత్రి అమెరికాలో లాస్ ఏంజెల్స్ నగరంలో (మనకు అప్పటికి 13 తెల్లవారింది) ఆస్కార్ వేదిక మీద ఉత్తమ గీతంగా 'నాటు నాటు' పేరు చదివారు. భారతీయ చిత్రంలోని పాటకు ఆ బహుమతి రావడం అదే మొదలు. అంతకు రెండు నెలల ముందు, జనవరిలోనే గోల్డెన్ గ్లోబ్ కూడా వచ్చింది. కీరవాణి, చంద్రబోస్ వేదికెక్కి బొమ్మలు అందుకున్నారు. న్యాయమే! ఆ బహుమతి పాట కట్టినవాళ్ళది, రాసినవాళ్ళది. నిబంధన అది. పాడినవాళ్ళకు కూడా అందులో వాటా లేదు. ఎవరి కష్టాన్నీ ఎవరూ దోచుకోలేదు.

కానీ ఒక్క నిమిషం ఆలోచించండి. ఆ పాట భాష తెలియని దేశాల్లో జనం హాల్లో సీట్లలోంచి లేచి గంతులేశారంటే దేనికి? మాట అర్థమై కాదు గదా! బాణీ పట్టేసింది, నిజమే. దానికంటే ముందు కళ్ళకు పట్టేసింది ఇద్దరు మనుషులు భుజాల మీద చేతులేసుకుని ఒకే ఒంటికి నాలుగు కాళ్ళున్నట్టు దుమ్ము లేపడం. ఆ కాళ్ళ లెక్క రాసిన మనిషికి ఆస్కారులో గడి లేదు.

ఒకప్పుడు ఉండేది! 1935, 36, 37 సంవత్సరాల చిత్రాలకు ఆస్కారు వాళ్ళు 'డాన్స్ డైరెక్షన్' అని విడిగా బహుమతి ఇచ్చారు. డేవ్ గూల్డ్, సీమూర్ ఫెలిక్స్, హెర్మిస్ పాన్ అనే ముగ్గురు మాస్టర్లు వరసగా అందుకున్నారు. మూడేళ్ళకే ఆ శాఖ ఎత్తేశారు. తర్వాత ఎప్పుడో బుద్ధి పుట్టినప్పుడు గౌరవ బహుమతులు ఇచ్చారు. 'వెస్ట్ సైడ్ స్టోరీ'కి జెరోమ్ రాబిన్స్, 'ఆలివర్'కి ఓనా వైట్, ఇలా వేళ్ళ మీద లెక్కపెట్టదగిన వాళ్ళకు. అంతే. ఇవాళ్టికీ సినిమా నృత్యానికి అక్కడ శాశ్వతమైన పీట లేదు.

ఇంకో ముచ్చట చెబుతాను, వింటే నవ్వూ వస్తుంది, మనసూ చివుక్కుమంటుంది. 2009లో 'స్లమ్‌డాగ్ మిలియనీర్' చిత్రానికి ఆస్కార్ల పంట పండింది గుర్తుందా? చివర్లో రైల్వే ప్లాట్‌ఫారం మీద వచ్చే డాన్సును కూర్చింది బొంబాయి మాస్టరు లాంజినస్ ఫెర్నాండెజ్. ఆయన పేరు టైటిల్సులో వేయడం మరిచిపోయారు! దర్శకుడు డానీ బాయిల్ బొమ్మ చేతపట్టుకుని, అదే ఆస్కారు వేదిక మీద ఆ సంగతి ఒప్పుకుని ఆయన పేరు చెప్పాడు. పెద్దమనిషి. అయినా ఛాయాగ్రాహకుడి పేరో, సంగీత దర్శకుడి పేరో అలా మరిచిపోవడం ఎక్కడైనా విన్నామా?

ఇక మన కథానాయకుడి దగ్గరికి వద్దాం.

ప్రేమ్ రక్షిత్ పెరిగింది మద్రాసులో. ఇంటర్వ్యూల్లో ఆయనే చెప్పుకున్నదాని ప్రకారం తండ్రి వజ్రాల వ్యాపారి. కుటుంబంలో తగాదాలొచ్చి ఉన్నదంతా పోయింది. తండ్రి సినిమాల్లో డాన్సు అసిస్టెంటుగా చేరారు, కొడుకు దర్జీ దుకాణంలో పనికి కుదిరాడు. ఒక దశలో బతుకు మీద ఆశ పోయి, మెరీనా బీచికి వెళ్ళాడట. వెళ్ళింది అరువు తెచ్చుకున్న సైకిలు మీద. అక్కడ నిలబడ్డాక సైకిలు గుర్తొచ్చింది. తను లేకపోతే సైకిలు గలాయన వచ్చి ఇంటివాళ్ళను నిలదీస్తాడు గదా, వాళ్ళు ఎక్కడినుంచి తెచ్చి కడతారు అనుకున్నాడు. సైకిలు అప్పగించి రావడానికి వెనక్కి తిరిగాడు. ఇంటికి చేరేసరికి తండ్రి దగ్గరినుంచి కబురు: ఒక సినిమాలో గ్రూపు డాన్సరుగా అవకాశం వచ్చింది, రమ్మని.

అలా వెనక వరసలో నిలబడ్డాడు. గ్రూపు డాన్సరు జీవితం ఎలా ఉంటుందో మన పాఠకుల్లో చాలామందికి తెలియదు. పొద్దున్నే మేకప్పు, నిప్పులు చెరిగే ఎండలో మెరుపుల చొక్కా, కాలికి సరిపోని బూట్లు. హీరోగారు టేకుల మధ్య గొడుగు కింద కూర్చుంటే, వీళ్ళు పెట్టిన గుర్తు మీద నుంచి కదలకుండా నిలబడాలి. ఒకడు తప్పు వేస్తే అందరూ మళ్ళీ వేయాలి. వాళ్ళ మొహాలు తెర మీద కనపడేది రెప్పపాటు. కూలి కాల్షీటు లెక్కన. షూటింగు లేని రోజు పొయ్యి లేని రోజే. ఆ వరసలోంచి అసిస్టెంటు, అసిస్టెంటు నుంచి మాస్టరు. ఈ మెట్లు ఎక్కేవాళ్ళు నూటికి ఎందరో చెప్పలేను గానీ, ఎక్కనివాళ్ళే ఎక్కువని ఏ మాస్టరును అడిగినా చెబుతాడు.

ప్రేమ్ రక్షిత్ ఎక్కారు. మధ్యలో కడుపు నింపుకోవడానికి డాన్సు క్లాసులు చెప్పారు. రాజమౌళి గారింట్లో పిల్లలకు కూడా నేర్పారు. ఆ పరిచయం తర్వాతే రాజమౌళి చిత్రాల్లో ఆయనకు పాటలు రావడం మొదలైంది. 'ఛత్రపతి' వచ్చిన 2005 నుంచి లెక్కేస్తే 'ఆర్ఆర్ఆర్' విడుదలైన 2022 నాటికి పదిహేడేళ్ళ సావాసం. జూనియర్ ఎన్టీఆర్‌తో ఆయన లెక్క మొదటినుంచీ బాగా కుదిరింది. 'యమదొంగ', 'కంత్రి' పాటల్లో ఎన్టీఆర్ కాళ్ళ వేగం చూసినవాళ్ళకు నేను వేరే చెప్పక్కర్లేదు.

ఇక ఆ పాట సంగతి. 2021 ఆగస్టులో ఉక్రెయిన్ రాజధాని కీవ్‌లోని మారిన్‌స్కీ ప్యాలెస్ ముందు తీశారు. అది ఆ దేశ అధ్యక్షుడి లాంఛన భవనం. అక్కడ షూటింగు ముగిసిన ఆరు నెలలకే, 2022 ఫిబ్రవరిలో ఆ దేశం మీద యుద్ధం విరుచుకుపడింది. ఇవాళ ఆ పాట చూస్తుంటే వెనకనున్న ఆ నీలి మేడ మీదికి నా దృష్టి పోతూ ఉంటుంది.

మాస్టరుకు ఎదురైన చిక్కు ఏమిటంటే, ఇద్దరూ డాన్సులో పేరున్న హీరోలు. ఇద్దరికీ లక్షల కొద్దీ అభిమానులు. ఒకరి ఒడ్డూ పొడుగూ ఒకలా ఉంటే ఇంకొకరిది ఇంకొకలా. ఒకరి స్టెప్పు రెండో వారి ఒంటికి అతకదు. ఒకరు కాస్త మెరిసినా రెండో పక్షం హాల్లో కుర్చీలు విరగ్గొడుతుంది! అందుకని ఇద్దరికీ సమానంగా కష్టమయ్యే స్టెప్పు కావాలి. పైగా కథ 1920ల నాటిది. అప్పటి మనుషులు ఈ కాలం బ్రేకులూ, స్పిన్నులూ వేస్తే నప్పదు. ఒంట్లో పల్లెటూరి మట్టి కనపడాలి, తొడుక్కున్నది దొరల సూటు. ఆ సూటుకున్న సస్పెండర్లనే మాస్టరు వాయిద్యంలా వాడుకున్నారు చూడండి, ఆ పట్టీలు లాగి వదిలే స్టెప్పు! అది నాకు జంట కాళ్ళ స్టెప్పు కంటే ఎక్కువ నచ్చింది.

ఆ ముఖ్యమైన స్టెప్పు కోసం ప్రేమ్ రక్షిత్ పదుల కొద్దీ రకాలు కట్టి, అసిస్టెంట్ల చేత వేయించి రాజమౌళికి చూపారు. అందులోంచి ఒకటి నిలిచింది. తర్వాత అసలు యాతన. రాజమౌళి గారు టేకు అయ్యాక బొమ్మను ఎక్కడికక్కడ ఆపించి, ఇద్దరి కాళ్ళూ చేతులూ ఒకే కోణంలో ఉన్నాయా లేదా అని పరీక్షించేవారని ఎన్టీఆర్ నవ్వుతూనే చాలా చోట్ల చెప్పుకున్నారు. ఒక వేలెడు తేడా వచ్చినా మళ్ళీ మొదటికే! చంద్రబోస్ గారు ఈ పాటలో తొంభై పాళ్ళు ఒక్క పూటలో రాసి, మిగతా పది పాళ్ళకు పంతొమ్మిది నెలలు తీసుకున్నారని అందరికీ తెలుసు. మాస్టరు పడ్డ కష్టానికి మాత్రం అలాంటి కథ ప్రచారంలోకి రాలేదు.

అన్నింటికంటే నేను మెచ్చుకునేది చివరి భాగం. అందరూ అలసి ఒక్కొక్కరే రాలిపోతుంటే చివరికి ఇద్దరు స్నేహితులే మిగులుతారు. వారిలో రామ్, తన మిత్రుడు భీమ్ ఆ దొరసాని పిల్ల కళ్ళ ముందు గెలవాలని తానే కావాలని కూలిపోతాడు. మాట లేదు, పాటలో చెప్పిందీ లేదు. అంతా ఒంటి కదలికలోనే ఉంది. స్నేహం, త్యాగం, కొంటెతనం మూడూ పాదాలతో చెప్పడమంటే అది స్టెప్పులు వేయించడం కాదు, దర్శకత్వమే. మనవాళ్ళు పాత టైటిల్సులో 'నృత్య దర్శకత్వం' అని వేసేవారు. ఎంత చక్కని మాట! ఇప్పుడు 'కొరియోగ్రఫీ' అంటున్నారు. పేరు పెరిగింది గానీ అక్షరాలు చిన్నవయ్యాయి.

ఈ మరుపు ఇవాళ్టిది కాదండోయ్. 'మాయాబజార్' (1957)లో శశిరేఖ వేషం కట్టిన ఘటోత్కచుడి పెళ్ళి పాట గుర్తొస్తే సావిత్రి గారు కళ్ళ ముందుకొస్తారు, ఘంటసాల గారి గొంతు వినపడుతుంది. ఆడదాని ఒంట్లో మగవాడి నడకను ఇరికించిన ఆ చమత్కారం వెనక కూచిపూడి నుంచి వచ్చిన పసుమర్తి కృష్ణమూర్తి గారున్నారని ఎందరికి తెలుసు? అదే కూచిపూడి నుంచి వచ్చిన వేదాంతం రాఘవయ్య గారి పేరు తెలుసంటే 'దేవదాసు' దర్శకుడిగానే. తర్వాత హీరాలాల్, సలీం, సుందరం మాస్టర్ల కాలం వచ్చింది. క్లబ్బు పాటలూ, డిస్కోలూ, బ్రేకు డాన్సులూ వరస కట్టాయి. సుందరం గారబ్బాయి ప్రభుదేవా, ఆ తర్వాత లారెన్సు జనానికి పేరుపేరునా తెలిశారంటే వాళ్ళు తెర ముందుకు వచ్చారు కాబట్టి. మాస్టరు హీరో అయితేనే మాస్టరు పేరు జనానికి గుర్తుంటుంది! కె. విశ్వనాథ్ గారి 'సాగర సంగమం' (1983)లో నాట్యాన్నే నమ్ముకుని గెలవలేకపోయిన బాలు చివరికి ఏమవుతాడు? పత్రికలో నాట్య విమర్శకుడు! మా వృత్తికి ఇంతకంటే గౌరవం ఎవరిస్తారు చెప్పండి.

సరదా మాటలు అటుంచితే, ఈ శీర్షిక రాయడానికి నన్ను పురికొల్పింది ఒక తండ్రి. మా ఊరాయనే, ఆటో నడుపుతాడు. కొడుకు డిగ్రీ రెండో సంవత్సరం. మా ఇబ్రహీంపట్నం చుట్టూ ఇంజనీరింగు కాలేజీలు బోలెడు. వాటి వార్షికోత్సవాలకు ఈ కుర్రాడు పిల్లలకు స్టెప్పులు నేర్పి నాలుగు డబ్బులు సంపాదిస్తున్నాడు. ఇటు విజయవాడ రోడ్డు మీద మాకు దగ్గర్లోనే 1996 నుంచీ రామోజీ ఫిల్మ్ సిటీ ఉండె. ఒకటి రెండుసార్లు గుంపులో నిలబడి కూడా వచ్చాడు. ఇక చదువు మానేసి డాన్సు మాస్టరునవుతానని పట్టు.

"సారూ, నువ్వు సినిమోల్ల మీద రాస్తవు గద. నిజం చెప్పు. గా పనిల బతుకుతడా మా పోరడు?" అని అడిగాడు తండ్రి.

ఏం చెప్పాలి? ప్రేమ్ రక్షిత్ కథ చెబితే కుర్రాడు రేపే కృష్ణానగర్ బస్సెక్కుతాడు. అందుకని ఇంకో మాస్టరు సంగతి కూడా చెప్పాను. శివశంకర్ మాస్టర్. 'మగధీర' (2009)లో 'ధీర ధీర' పాటకు జాతీయ బహుమతి అందుకున్న మనిషి. వందల సినిమాలకు పనిచేసిన మనిషి. 2021 నవంబరులో కోవిడ్‌తో హైదరాబాదు ఆసుపత్రిలో ఉంటే, బిల్లులు కట్టే స్తోమత లేక కుటుంబం సాయం అడగవలసి వచ్చింది. చిరంజీవి, సోనూ సూద్, ధనుష్ వంటివారు ముందుకొచ్చారు. వాళ్ళ మంచితనానికి దండం. మాస్టరు మాత్రం దక్కలేదు, ఆ నెలాఖరునే కన్నుమూశారు. ఢిల్లీలో పతకం అందుకున్న నృత్య దర్శకుడి పరిస్థితే అదైతే, వెనక వరసలో మోకాలు జారిన కుర్రాడి గతి ఏమిటి? పాట ఎన్నేళ్ళు ఆడినా, ఎన్ని కోట్లమంది ఫోన్లలో చూసినా, మాస్టరుకు షూటింగు నాడు ముట్టిందే ముట్టింది. పాట రాసినాయనకూ బాణీ కట్టినాయనకూ రాయల్టీ అనే మాట ఒకటుంది. స్టెప్పుకు కూడా కాపీరైటు చట్టంలో చోటుంది, ఎలాగంటే నాటకంతో సమానంగా, కాగితం మీదో మరో విధంగానో నమోదై ఉంటే. కానీ సినిమాలోకి ఎక్కిన స్టెప్పుకు ఆ లెక్కలు చూసే మాస్టర్లు నాకు తారసపడలేదు.

ఆటో ఆయన అంతా విని కాసేపు ఊరుకున్నాడు. "మరి వద్దంటవా?" అన్నాడు.

వద్దనలేదు నేను. కుర్రాడి డాన్సు చూశాను. వాడు పిల్లలకు నేర్పేటప్పుడు మొదట తను ఆడి చూపించడు, వాళ్ళను నడవమని చూస్తాడు. ఎవరి నడక ఎలా ఉందో చూసి దానికి తగ్గట్టు స్టెప్పు మారుస్తాడు. ఎవరూ చెప్పకుండా వచ్చిన గుణమది. డిగ్రీ పూర్తి చేయించు, సెలవుల్లో ఎవరైనా మాస్టరు దగ్గర అసిస్టెంటుగా పెట్టు, యూనియన్ కార్డు సంగతి ముందే కనుక్కో, మోకాళ్ళు జాగ్రత్త అన్నాను. తండ్రికి ఇందులో ఏది నచ్చిందో తెలియదు. కుర్రాడికి మాత్రం డిగ్రీ మాట నచ్చలేదని మొహం చూస్తేనే తెలిసింది.

ఇంతకీ ఆస్కారు రాత్రి ఇంకో విశేషం జరిగింది. దీపికా పదుకొనే పరిచయం చేయగా, ఆ పాటను వేదిక మీద ఆడి పాడి చూపారు. పాడింది మన రాహుల్, కాలభైరవలే. ఆ వేదిక డాన్సును నడిపించింది అమెరికాలోని నెపోలియన్, తబితా డ్యూమో దంపతులు. ముందు వరసలో మన దేశపు డాన్సర్లు లేరేమని అక్కడి ప్రవాసులు గొడవ పెట్టారు. పెట్టడం సబబే అని నా ఉద్దేశం. హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఎవరు నడిపినా ఆ స్టెప్పు మాత్రం కీవ్‌లో మన మాస్టరు కట్టిందే.

మన ఇంట మాత్రం గుర్తింపు దక్కింది. 2021 చిత్రాలకు ఇచ్చిన 69వ జాతీయ పురస్కారాల్లో 'ఆర్ఆర్ఆర్'కు ఆరు వచ్చాయి. అందులో ఒకటి ఉత్తమ నృత్య దర్శకత్వానికి. 2023 అక్టోబరులో ఢిల్లీలో రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము గారి చేతుల మీదుగా ఆ పురస్కారాలిచ్చారు. అంతకు ముందు తెలుగు పాటలకు శివశంకర్ మాస్టరుకూ, 'జనతా గ్యారేజ్' పాటకు రాజు సుందరం గారికీ వచ్చిన బహుమతే అది. మరునాటి పేపర్లు తిరగేశాను. మొదటి పేజీల్లో ఉత్తమ నటుడు అల్లు అర్జున్ ఫోటోలు. ప్రేమ్ రక్షిత్ పేరు లోపలి పేజీలో, జాబితా చివర్లో.

పేపర్లను ఎందుకు అనడం, మన ఇల్లు మనం చక్కబెట్టుకుందాం. మన పత్రికలో పాటల సమీక్షలు ఏళ్ళుగా వేస్తున్నాం. సంగీతం, సాహిత్యం, గానం అని మూడు పేర్లు వేసి ఊరుకుంటున్నాం. సంపాదకుల వారిని అడిగితే స్థలం లేదని గొణిగి, చివరికి సరేనన్నారు. వచ్చే వారం నుంచి ఏ పాట గురించి రాసినా నాలుగో పేరుగా మాస్టరు పేరు కూడా ఉంటుంది. ఎక్కడైనా మరిచిపోయామా, మొహమాటం లేకుండా ఓ కార్డు ముక్క రాసి పడేయండి!